ఒక్కసారికే చెల్లే వీసా

భోజనాల వేళ క్యాంటీన్‌లో ఆ మూల బల్ల దగ్గర ఒకటే నవ్వులు. జర్మనీలో చదువుకుని కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ అట, మనిషి భలే సరదాగా ఉన్నాడట అని నాగేశ్వరి చెప్పింది. నాగేశ్వరి, కృష్ణప్రియ పక్కపక్క సీట్లలో పని చేస్తారు. కృష్ణప్రియ తలెత్తలేదు. పెరుగన్నం కలుపుకుంటోంది.

"వీకెండ్ వచ్చిందంటే చాలు, బ్యాగు భుజాన వేసుకుని ఎటో ఒక వైపు పోయేవాళ్ళం" అంటున్నాడతను. "ఒకసారి పారిస్ వెళ్ళాల్సిన వాళ్ళం వేరే పెట్టెలో ఎక్కి బెల్జియంలో తేలాం. ఇంకోసారి వెనిస్‌లో వానకి తడిసి ముద్దయిపోయి, చర్చిలో బట్టలు ఆరేసుకున్నాం. కానీ ప్రేగ్ ట్రిప్ ఉంది చూశారూ, అది మాత్రం జన్మలో మర్చిపోలేను."

ప్రేగ్ అన్న మాటకు కృష్ణప్రియ చెయ్యి ఆగింది.

"మాతో ఒక హైదరాబాదమ్మాయి వచ్చింది. తిరిగొస్తుంటే బోర్డర్‌లో పోలీసులు వీసా చూసి దింపేశారు. మా రైలు కదిలిపోతోంది. ఆ అమ్మాయి ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు చేతులూ ఊపుతూ మాకు టాటా చెబుతోంది! ఏడవాలో నవ్వాలో తెలియలేదనుకోండి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. అంత చెడ్డ నవ్వు కూడా కాదు అది. ఎవరికో, ఎక్కడో జరిగిన దానికి ఎవరైనా నవ్వే నవ్వే.

ఆ రోజు కృష్ణప్రియ టాటా చెప్పలేదు. దిగండి, దిగండి అని చేతులు ఊపింది.

*

ఖాజాగూడలో వీరేశం కూతురు కృష్ణప్రియ జర్మనీకి పోతోందంటే ఊరు ఊరంతా వింతగా చెప్పుకున్న రోజులవి. వీరేశం టిప్పర్ నడుపుతాడు. మాదాపూర్, కొండాపూర్ వైపు కొత్త కట్టడాల కోసం పేల్చిన రాళ్ళను ఎత్తుకుపోయి దూరంగా పోసి రావడం అతని పని. తల్లి సీతాబాయి రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తుంది. వాళ్ళ బిడ్డ ఉస్మానియాలో భూగర్భశాస్త్రం చదివింది. చిన్నప్పటి నుంచి రాళ్ళంటే పిచ్చి. ఈ రాయి ఎట్లా పుట్టింది, దాని మీద ఈ గీత ఎందుకు పడింది అని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయేవారు. అది చెప్పగలిగే చదువు ఒకటుందని కాలేజీలో తెలిసింది. ఆ చదువుకు పేరుపడ్డ ఊరు జర్మనీ తూర్పు భాగంలో ఉందని తెలిసింది. పాత గనుల ఊరు. అక్కడ చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చింది.

తొంభై ఏడు అక్టోబరులో వెళ్ళింది. ఆ ఊరు, చలి, రొట్టెలు, భాష, ఏదీ సులువు కాలేదు. కానీ రాళ్ళను పలుచగా కోసి, గాజు పలక మీద అంటించి సూక్ష్మదర్శినిలో చూపించిన మొదటి రోజున ఆమెకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఎర్రగా, నీలంగా, బంగారు రంగులో, రాయి లోపల ఇంత వెలుగు ఉంటుందా అనిపించింది. పాఠం చెప్పే పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చి, భాష సరిగా రాని పిల్లకు అర్థమయ్యేలా నెమ్మదిగా, "బాగుంది కదూ?" అన్నాడు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న చోటికి వచ్చేశాననుకుంది.

క్యాంటీన్‌లో కబుర్లు చెప్పిన ఈ వేణు అప్పుడు అక్కడ కంప్యూటర్ శాఖలో చదివేవాడు. ఒక ఏడాది ముందే వచ్చాడు. విజయవాడ వైపు మనిషి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకు సైకిలు ఎక్కడ దొరుకుతుంది, బియ్యం ఎక్కడ కొనాలి అన్నీ అతనే చెప్పేవాడు. ప్రేగ్ ఆ ఊరికి దగ్గర. శనివారం పొద్దున పోయి ఆదివారం సాయంత్రానికి వచ్చేయొచ్చు. అతనూ, పుణె నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలూ బయల్దేరుతూ ఆమెనూ పిలిచారు. చెక్ వీసాకు కాగితాలు అతనే అందరివీ కలిపి పంపించాడు.

ఆమె ఒక మాట అడిగింది. గుర్తుంది.

"వేణుగారూ, నాకు ఇక్కడ ఉండే పర్మిట్ ఇంకా రాలేదు. ఊరి ఆఫీసులో కాగితాలిచ్చిన, పిలుస్తమన్నరు. ఇప్పుడు నా పాస్‌పోర్టుల వచ్చేటప్పుడు ఇచ్చిన వీసానే ఉన్నది. గట్ల పోవచ్చా?"

"ఏం ఫరవాలేదండీ. ఆ వీసాకి మూణ్ణెల్ల గడువుంటుంది కదా. మేమంతా అలా తిరిగినవాళ్ళమే" అన్నాడు వేణు.

గడువు ఉంది. కానీ ఆ వీసా మీద, ఎన్నిసార్లు ప్రవేశం అన్న చోట, ఒకటి అని ఉంది. ఆమె చూడలేదు. వేణు అడిగి చూడలేదు. దేశంలోకి రావడానికి ఆ ఒక్కసారీ అప్పటికే వాడేసింది.

ఆదివారం సాయంత్రం తిరుగు రైల్లో నలుగురూ ఒకే గదిలో కూర్చున్నారు. పుణె అబ్బాయిలు నిద్రపోతున్నారు. ఆకుపచ్చ దుస్తుల్లో ఇద్దరు జర్మన్ పోలీసులు వచ్చారు. ముగ్గురి పాస్‌పోర్టులు చూసి తిరిగిచ్చేశారు. ఆమెది మాత్రం ఇద్దరూ కలిసి చూశారు. ఒకతను వేలుతో ఆ ఒకటి అంకెను చూపించాడు. మర్యాదగానే చెప్పాడు. తరువాతి స్టేషన్‌లో దిగాలి, వచ్చిన వైపు వెళ్ళే రైలు ఎక్కాలి. పాస్‌పోర్టులో ఒక ముద్ర వేసి, ప్రవేశం లేదన్నట్టు దాని మీద అడ్డంగా గీత కొట్టాడు.

సంచి పట్టుకుని దిగింది. ఆమె వెనకే వేణు కూడా తలుపు దాకా వచ్చాడు. దిగుతాడనుకుంది. దిగకుండా తలుపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు నాకు పరీక్ష ఉందండీ. పొద్దున్నే మీ డిపార్ట్‌మెంటుకి వెళ్ళి మాట్లాడతాను. ఊరి ఆఫీసుకి కూడా వెళ్తాను. కాగితాలు ప్రేగ్‌కి ఫ్యాక్స్ చేయిస్తాను. మీరేం కంగారు పడకండి" అన్నాడు.

తలుపు మూసుకుంది. రైలు కదిలింది. కిటికీ అవతల పుణె అబ్బాయి ఒకడు నిద్ర లేచి, ఏమైందన్నట్టు చూస్తున్నాడు. అప్పుడే ఆమె సంచి కింద పడేసి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. దిగండి. ఎవరో ఒకరు దిగండి.

ఆ తరువాతదంతా పెద్ద కథ, కానీ చెప్పడానికి ఏమీ లేని కథ. ప్రేగ్‌లో జర్మన్ ఎంబసీ బయట కుర్చీలు. ఎదురుచూపు. సోమవారం ఫ్యాక్స్ రాలేదు. మంగళవారమూ రాలేదు. వేణు ఊరి ఆఫీసుకు బుధవారం వెళ్ళాడట, ఆ రోజు వాళ్ళకు సెలవట. ఈలోగా చెక్ వాళ్ళ వీసా కూడా అయిపోయింది. ఇంటికి పోయి మళ్ళీ కొత్తగా వీసా పెట్టుకోవడం తప్ప దారి లేదన్నారు. పాఠం చెప్పిన పెద్దాయన ఎంబసీకి ఫోన్ చేసి, సెమిస్టర్ దాటితే స్కాలర్‌షిప్ ఆపి ఉంచడం తన చేతుల్లో లేదని, ఎంతో విచారంగా చెప్పాడు. ఆమె ఒక సంచితో, ఊలు టోపీతో బేగంపేట విమానాశ్రయంలో దిగింది. ఆమె పుస్తకాలు, సుత్తి, అప్పటికే ఏరుకున్న రాళ్ళు హాస్టల్ గదిలోనే ఉండిపోయాయి.

కొత్త వీసా రాలేదు. గీత కొట్టిన ఆ ముద్ర చూసి మళ్ళీ మళ్ళీ అడిగారు. ఈలోగా సెమిస్టర్ గడిచిపోయింది. స్కాలర్‌షిప్ వేరెవరికో వెళ్ళింది.

ఊళ్ళో మొదట్లో జాలిపడ్డారు. తరువాత, ఏదో తప్పు చేస్తేనే పంపించేసి ఉంటారన్నారు. సీతాబాయి పాలు పోసే ఇళ్ళలో ఒకావిడ, "మీ పిల్లను పోలీసులు పట్కున్నరంట గదా?" అని అడిగిన రోజున ఆ ఇంటికి పాలు పోయడం మానేసింది.

*

ఇప్పుడు తొంభై తొమ్మిది. సైబర్ టవర్స్‌కు ఈవలగా, ఇంకా సున్నం వాసన పోని ఒక బిల్డింగులో కృష్ణప్రియ పని. విదేశీ ఊళ్ళ పాత పటాలను బల్ల మీద పరిచి, గీతల వెంట మౌస్ లాంటి పరికరాన్ని నడిపిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. నీళ్ళ గొట్టాలు, గ్యాసు గొట్టాలు, వీధులు. ఈ మధ్య అన్నీ జర్మనీ ఊళ్ళే వస్తున్నాయి. వీధి పేర్లు చదవడం వచ్చినది ఆమెకొక్కదానికే కాబట్టి అందరూ ఆమెనే అడుగుతారు.

క్యాంటీన్‌లో ఆమె లేచి, డబ్బా కడుక్కుని, ఆ మూల బల్ల పక్కనుంచే నడవాల్సి వచ్చింది. వేణు చూశాడు. మాట్లాడుతున్నవాడు ఆగిపోయాడు.

మెట్ల దగ్గర ఆమెను కలుసుకున్నాడు.

"కృష్ణప్రియగారూ... మీరిక్కడున్నారని నాకు తెలీదండీ. ఏదో మాట వరసకి... అలా చెప్పి ఉండకూడదు."

"నేను టాటా చెప్పలే వేణుగారూ" అంది.

"అంటే?"

"మిమ్మల్ని దిగమన్న."

"మీ సామాను హాస్టల్ వాళ్ళు తీసి పారేశారండీ. నేను వెళ్ళేసరికే గది ఖాళీ చేసేశారు" అన్నాడతను, అడగని దానికి జవాబుగా.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆమె అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పింది.

వేణు చెడ్డవాడైతే ఆమెకు సులువుగా ఉండేది. అతను వారం తిరక్కుండా మేనేజర్‌తో మాట్లాడాడు. కొత్త సంవత్సరంలో జర్మనీకి ఒక చిన్న బృందాన్ని పంపుతున్నారు. ఆ ఊళ్ళ పటాలు అక్కడే కూర్చుని సరిచూడాలి. భాష కొంచెం వచ్చిన మనిషి కావాలి. కృష్ణప్రియ పేరు రాయించాడు. "మీకు నేను చేయగలిగింది ఇదేనండీ" అన్నాడు. నిజంగానే అన్నాడు. అతని గొంతులో అది వినిపించింది.

ఆమె నమ్మకూడదనుకుంది. కానీ నమ్మకం దానంతటదే వచ్చేస్తుంది. ఆ ఊరికి అక్కడి నుంచి రైల్లో పోవచ్చు, ఒక శనివారం పోయి పెద్దాయనను కలవచ్చు, మళ్ళీ చేర్చుకుంటారా అని అడగవచ్చు అని లెక్కలు వేసుకుంది. రాళ్ళ పుస్తకం తీసి దుమ్ము దులిపింది. సీతాబాయి కూతురు ముఖం చూసి దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది. వీరేశం మాత్రం, "జర నిమ్మళంగ బిడ్డా. ఎగిరెగిరి పడకు" అన్నాడు.

వీసా ఇంటర్వ్యూకు మద్రాసు వెళ్ళాలి. ముద్ర సంగతి ఉండనే ఉంది. అప్పుడేం జరిగిందో తెలిసినవాళ్ళు ఎవరైనా రాసిస్తే మంచిదని కంపెనీ తరఫున కాగితాలు చూసేవాళ్ళు చెప్పారు. తెలిసినవాడు ఒక్కడే.

"తప్పకుండా రాసిస్తానండీ" అన్నాడు వేణు. "అదెంత పని!"

రెండు రోజులాగి అడిగితే, రాస్తున్నానన్నాడు. మళ్ళీ అడిగితే మీటింగులో ఉన్నానన్నాడు. ఆమె రైలెక్కాల్సిన రోజు మధ్యాహ్నం అతని గది తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"చూడండి, ఎలా చెప్పాలో తెలీడం లేదు. నా వర్క్ పర్మిట్ కాగితాలు కూడా మద్రాసులో అదే ఆఫీసులో ఉన్నాయి. నేనే వెళ్ళమన్నానని రాస్తే, చెక్ వీసా కాగితాలు నేనే పంపానని రాస్తే, నా ఫైల్ కూడా తిరగేస్తారు. ప్రాజెక్టంతా నా మీదే ఉంది. మీరు అర్థం చేసుకోవాలి."

"మీరు చెప్పిన్రనే గద నేనొచ్చింది."

"నేనెప్పుడూ బలవంతపెట్టలేదు కదండీ."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను బల్ల మీది పేపరు వెయిట్‌ను ఇటునుంచి అటు జరిపాడు. అరిచి అడగాలనిపించింది. అప్పుడు కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషీ ఇతనే. అప్పుడూ ఇట్లాగే మెత్తగా, మర్యాదగా మాట్లాడాడు.

"సరే" అని వచ్చేసింది.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు వీరేశమే స్టేషన్‌లో దిగబెట్టాడు. టిప్పర్ యజమానిని అడిగి ఒక పూట సెలవు తీసుకున్నాడు. కూతురు ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. కిటికీలోంచి అరటిపళ్ళు అందించి, రైలు కనుమరుగయ్యే దాకా అక్కడే నిలబడ్డాడు.

మద్రాసులో కిటికీ అవతల కూర్చున్న స్త్రీ వయసులో పెద్దది. కోపంగా ఏమీ లేదు. పాస్‌పోర్టు తిప్పి, గీత కొట్టిన ముద్ర దగ్గర ఆగింది.

"ఇదేమిటి?"

కృష్ణప్రియ చెప్పింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తనకొచ్చిన కొద్ది జర్మన్‌లోకి మారింది. వీకెండ్‌కు పోయానని, తెలియదని, అడిగితే ఫరవాలేదన్నారని. ఎవరన్నారని అడిగింది ఆవిడ. వేణు పేరు నోటి దాకా వచ్చింది. అతని పర్మిట్ ఇక్కడే ఎక్కడో, ఇదే గోడ వెనక ఉంది. ఒక్క మాట చాలు.

"తోటి విద్యార్థులు" అంది.

ఎందుకట్లా అన్నదో తరువాత తనకే అర్థం కాలేదు. మంచితనం అని ఎవరైనా అంటే నవ్వేది. చెప్పినా ఏమీ మారదని అప్పటికే తెలిసిపోయింది, అంతే. ఆవిడ ఏదో రాసుకుంది. ఇదివరకు వీసా షరతులు పాటించని వ్యక్తికి పని మీద వీసా ఇవ్వడం కష్టమని చెప్పింది. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసింది. వెనక నిలబడ్డ పెద్దమనిషి ముందుకు జరిగాడు.

బయట ఎండ మండిపోతోంది. రోడ్డు దాటబోయి నడిమధ్యలో ఆగింది. రెండు వైపులా బస్సులు హారన్ కొడుతున్నాయి. ఎటు పోవాలో కాదు, ఎటైనా ఎందుకు పోవాలో తోచలేదు. ఎవరో ముసలామె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి తమిళంలో తిట్టింది. ఆ తిట్లు వింటూ చెట్టు కింద చాలాసేపు కూర్చుంది.

*

బృందం జనవరిలో వెళ్ళిపోయింది. వేణు వెళ్ళేముందు ఆమె సీటు దగ్గరికి వచ్చి, "మీకేమైనా కావాలంటే అక్కణ్ణుంచి పంపిస్తానండీ" అన్నాడు. ఏమీ వద్దంది. నాగేశ్వరికి కొంత తెలుసు, కొంత తెలియదు. అతను వెళ్ళాక, "ఏందే, గట్ల వదిలేసినవ్? నాలుగు మాటలన్నా అనకపోతివి" అంది. కృష్ణప్రియ బల్ల మీది పటం వైపు చూపించి, ఈ వీధి పేరు తప్పు రాశావు, దిద్దు అంది.

పని ఆగదు. ఇంకో ఊరి పటాలు వచ్చాయి. తరువాత ఇంకోటి. ఒకరోజు వచ్చినవి ఆ గనుల ఊరివే. పై అంచున పేరు చదివి, ఆమె ఆ కట్టను తీసుకెళ్ళి వేరేవాళ్ళకు ఇమ్మని సూపర్‌వైజరును అడిగింది. కారణం అడిగాడు. కళ్ళు మండుతున్నాయంది. జర్మన్ చదవడం నీకే కదా వచ్చు అన్నాడు. తెచ్చుకుని మళ్ళీ పరిచింది. తను నడిచిన వీధిని, రొట్టెల దుకాణం ఉన్న మూలను, హాస్టల్ ముందున్న వంపును, నీళ్ళ గొట్టం గీత వెంట నెమ్మదిగా గీసింది. సాయంత్రానికి అంతా పూర్తయింది. ఒక్క తప్పు కూడా లేదని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర టిప్పర్ ఆగి ఉంది. ఆ పక్క సైటు నుంచే వస్తున్నానని, ఎక్కమని వీరేశం అన్నాడు. బండి నిండా రాళ్ళు. రాయదుర్గం వైపు గుంతల రోడ్డు మీద ఊగుతూ బండి పోతోంది. ఆఫీసు బస్సులు దుమ్ము లేపుతూ దాటిపోతున్నాయి.

వీరేశం గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గప్పటి సంది ఒకటి అడుగుదామనుకుంటున్న. ఏమనుకోకు."

"అడుగు నాయినా."

"ఆ ఊరికి పోయినవ్ గదా, గా ప్రేగో ఏందో. పోలీసులేమన్నరు, రైలెట్ల దింపిన్రు, అందరం అదే అడిగినం. రెండొద్దులు ఆడ తిరిగినవ్. ఎట్లుంటది ఆ ఊరు? మంచిగుంటదా?"

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఈ రెండేళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదు. చెప్పాలనుకుంది. నది ఉంది, దాని మీద రాతి వంతెన ఉంది, ఆ రాయిని దగ్గరికి పోయి చేత్తో తడిమి చూసింది. ఇసుకరాయే అనుకుంటా. ఏ రంగు? వంతెన మీద ఎవరో వాయిద్యం వాయించారు, వేణు ఏదో జోకు వేశాడు, తాను నవ్వింది కూడా. ఎందుకు నవ్వింది? శనివారం ఎక్కడ తిన్నారు? ఎంత తవ్వినా ప్లాట్‌ఫారం తప్ప మరేదీ పైకి రాలేదు. తడి సిమెంటు, కదులుతున్న కిటికీలు, కింద పడ్డ సంచి.

"యాదికి లేదు నాయినా" అంది.

వీరేశం తల ఊపాడు. ముందు గుంత రావడంతో గేరు తగ్గించాడు. వెనక రాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని పెద్దగా చప్పుడైంది. ఆ చప్పుడులో కూతురు ఏడుస్తోందో లేదో అతనికి తెలియలేదు. చూడాలని కూడా అనుకోలేదు. రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాడు.